ఎవరూ వినని గొంతు

కిందటి వారం డబ్బింగావిడను మనం ఆ పెద్ద ఇంటి గేటు దగ్గర వదిలి వచ్చాం. సినిమా కథానాయిక పండు పోయి అప్పటికి వారమైంది. పండు అన్నది ఇంట్లో పిలిచే పేరు. లోకం పిలిచే పేరు మళ్ళీ చెప్పనక్కర్లేదు, ఊళ్ళో ఏ గోడ చూసినా కనిపిస్తుంది. మొదటి సినిమా నుంచి తెర మీద పండు పెదవి కదిపితే వినిపించే గొంతు ఈ డబ్బింగావిడదే. ఆ సంగతి సినిమా పనివాళ్ళకీ, పండు తల్లికీ, తమ్ముడికీ తప్ప బయట జనానికి తెలియదు. పండు తల్లి రమ్మని కబురు పెడితే ఆవిడ వచ్చింది. జనాన్ని తోసుకుంటూ ఎలాగో గేటు దాకా చేరి, కాపలా అతనితో "అమ్మగారు రమ్మన్నారు బాబూ, లోపలికి వెళ్ళాలి" అంది. అంతే. చుట్టూ ఏడుస్తున్నవాళ్ళు ఏడుపు ఆపి ఒక్కసారిగా ఆవిడ వైపు తిరిగారు.

చేతిలో పూలగుత్తి పట్టుకున్న ఒకతను నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు. పోయిన మనిషి గొంతు, నలిగిన నూలు చీర కట్టుకుని, చంకలో గొడుగు పెట్టుకుని, నుదుటి మీద చెమటతో తమ మధ్య నిలబడితే ఎవరికైనా ఏం తోస్తుంది?

ముందుగా తేరుకున్నది ఒక మధ్యవయసు మనిషి. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"సిగ్గులేదా అమ్మా నీకు?" అంది. "పోయిన మనిషిని వెక్కిరిస్తావా? అదీ ఆమె ఇంటి ముందు నిలబడి?"

"నేను వెక్కిరించడం లేదండీ" అంది డబ్బింగావిడ. అదే గొంతుతో అంది. ఉన్నది ఆ ఒక్కటే మరి.

"చూశారా, మళ్ళీ! మళ్ళీ చేస్తోంది!"

"మిమిక్రీ ఆవిడ అయ్యుంటుంది. టీవీవాళ్ళు పిలిపించి ఉంటారు" అన్నారెవరో వెనకనుంచి.

"ఎంత సాధన చేస్తే మాత్రం ఆ తల్లి గొంతు వస్తుందా? దరిదాపుల్లో కూడా లేదు" అన్నాడు పూలగుత్తి మనిషి, తేరుకుని, కాస్త జాలిగా.

డబ్బింగావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల దించుకుంది. ఆవిడ ఇంకోమాట మాట్లాడితే ఏమవుతుందోనని భయపడ్డాడో ఏమో, కాపలా అతను పక్కనున్న చిన్న గేటు తీసి ఆవిడను లోపలికి నెట్టినంత పని చేశాడు.

లోపలికి నడుస్తుంటే ఆవిడకు కోపం రాలేదు. తిట్టినామె కళ్ళే గుర్తొస్తున్నాయి. ఆ వాపంతా ఈ గొంతు కోసమే. తన బతుకులో తన కోసం అంతగా ఏడ్చినవాళ్ళు ఎవరున్నారా అని వెతుక్కుంటే ఒక్క ముఖమూ తట్టలేదు.

హాల్లో కుర్చీలు వరసగా వేస్తున్నారు. ఓ మూల మైకు, అటూ ఇటూ స్పీకర్ పెట్టెలు. గోడ మీది టీవీలో పండు వానలో తడుస్తూ ఎవరితోనో ఏదో చెబుతోంది, శబ్దం తగ్గించి ఉంది. ఏం చెబుతోందో డబ్బింగావిడకు వినక్కర్లేదు. ఆ మాటలు పలికిన రోజు తనకు జ్వరం. మధ్యమధ్యలో వేడినీళ్ళు తాగుతూ చెప్పింది.

తెల్ల చొక్కా వేసుకుని ఫోన్లో మాట్లాడుతున్న పండు తమ్ముడు ఆవిడను చూసి ఫోను దించాడు. అక్క కాల్షీట్లూ, ఒప్పందాలూ, రాకపోకలూ అన్నీ చూసుకున్నది అతనే. వారం రోజుల్లో అతని దవడలు లోపలికి పోయాయి.

"మేడమ్, మీరా? ఇప్పుడా?"

"అమ్మగారు పిలిచారు."

అతను చప్పున చుట్టూ చూశాడు. కుర్చీలు వేసేవాళ్ళెవరైనా విన్నారేమోనని. "సరే, త్వరగా కానివ్వండి. విలేకరులు వచ్చేస్తున్నారు. మీరు మాత్రం మళ్ళీ ఈ హాల్లోకి రావద్దు, ఏమీ అనుకోకండి" అని పక్క వసారాలోంచి చివరి గది దాకా తీసుకెళ్ళి వదిలాడు.

ఆ గదిలో కిటికీ తెరలు సగం వేసి ఉన్నాయి. ఒక మంచం, బల్ల మీద నీళ్ళ జగ్గూ, బోర్లించిన గ్లాసులూ. కుర్చీలో పండు తల్లి, ఆ పెద్దావిడ, నిటారుగా కూర్చుని ఉంది.

"తలుపు వేసి కూర్చో" అంది. "ముందే చెబుతున్నాను, నేను అడిగేదాకా నోరు తెరవకు. ఆ గొంతు వినే ఓపిక నాకు లేదు."

డబ్బింగావిడ తలూపి, మంచం అంచున కూర్చుంది.

"వారం నుంచి ఆ హాల్లో టీవీ ఆగట్లేదు" అంది పెద్దావిడ. "ఏది తిప్పినా అదే. నా కూతురు నవ్వుతుంది. నడుస్తుంది. జడ వెనక్కి విసురుతుంది. నా పిల్లే, నా పిల్లే అనుకుని దగ్గరకి జరుగుతానా, నోరు తెరుస్తుంది. నువ్వు వస్తావు."

డబ్బింగావిడ తన చేతుల వైపు చూసుకుంది.

"నీ తప్పని అనడం లేదు. నీ పని నువ్వు చేశావు. కానీ దాని గొంతు ఈ ఇంట్లో ఎక్కడా లేదు, తెలుసా నీకు? ఫొటోలు బీరువాల నిండా ఉన్నాయి. గొంతు లేదు. ఎవరైనా ఫోన్ తీసి వీడియో అంటే చాలు, నోటికి తాళం వేసుకునేది. మొదటి సినిమాలో ఆ డైరెక్టరు అందరి ముందూ అన్నాడట, మొహం చందమామ, గొంతు గానుగ అని. అంతా నవ్వారట. ఆ రోజు నుంచి బయట నోరు విప్పలేదు. సభల్లో నవ్వి చేతులు జోడించేది. ఎంత వినయమో అన్నారు. పొగరు అన్నవాళ్ళూ ఉన్నారు. సిగ్గుతో నోరు మూసుకుందని ఎవడికి తెలుసు?"

ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"పేరు రావాలి, పేరు రావాలి అని నేనే దాని వెంటపడ్డాను చిన్నప్పుడు. పేరంటే ఏమిటో అనుకున్నాను. మనల్ని ఎరగనివాళ్ళంతా మనల్ని ఎరుగుదుమనుకోవడం. అంతే. నిన్న పొద్దున్న ఇదే కుర్చీలో కూర్చుని దాని గొంతు గుర్తు తెచ్చుకుందామని చూశాను. రాలేదు. అమ్మా అని పిలిచినట్టు ఊహించుకుంటే నీ గొంతే వస్తోంది. నా కడుపున పుట్టిన పిల్ల గొంతు నాకు గుర్తు రావట్లేదే!"

ఆ మాటకు డబ్బింగావిడ నోరు తెరవబోయి, మాట ఇచ్చిన సంగతి గుర్తొచ్చి మానుకుంది.

"అందుకే పిలిచాను. ఆఖరి సినిమాకి నువ్వు ఇంకా చెప్పలేదట కదా. చెప్పకు. షూటింగులో అది మాట్లాడింది ఉంటుందట కదా, ఆ గానుగ గొంతునే అలా వదిలెయ్యమను. ఒక్క సినిమాలోనైనా నా పిల్లని దాని నోటితో మాట్లాడనీ. ఊ, ఇప్పుడు చెప్పు. మాట్లాడు."

అడిగింది చిన్న విషయం కాదు. షూటింగులో నటులు మాట్లాడేది అక్కడికక్కడ రికార్డు చేస్తారు. దాన్ని పైలట్ ట్రాక్ అంటారు. ఫ్యాను చప్పుళ్ళూ, కేకలూ కలిసిన ఆ ముడి శబ్దాన్ని వింటూ, పెదవుల కదలికకు సరిపోయేలా డబ్బింగువాళ్ళు మళ్ళీ చెబుతారు. సినిమా విడుదలయ్యాక ఆ ట్రాక్‌ను చెరిపేసి ఆ డిస్కులు ఇంకో సినిమాకు వాడుకుంటారు. కనుక పండు సొంత గొంతు ఈ ప్రపంచంలో ఇంకా మిగిలి ఉందంటే, ఆ ఆఖరి సినిమా ట్రాక్‌లోనే.

ఆ ఆఖరి సినిమా డబ్బింగావిడకూ ఆఖరిదే. ఆ గొంతు జనానికి పండు గొంతు. ఇంకో నటికి పెడితే ఎవరూ ఒప్పుకోరు. ఇన్నేళ్ళలో ఆవిడ తన పనిని తనే చూసుకున్న చోటు ఒక్కటే, మ్యాట్నీ ఆటకు వెనక వరసలో ఒంటరిగా కూర్చునే సీటు. ముందు వరసల్లో జనం తన మాటకు ముక్కులు ఎగబీలుస్తుంటే చీకట్లో కూర్చుని వినేది. పెళ్ళయిన కొత్తలో భర్త ఫోన్లో ఆవిడ గొంతు విని మురిసిపోయేవాడు. తరవాత్తరవాత ఇంట్లో ఆవిడ ఏం మాట్లాడినా "నా దగ్గర సినిమా మాటలు మాట్లాడకు" అనేవాడు. కూరలోకి ఉప్పు తెమ్మన్నా అదే మాట. చివరికి విడిపోయారు. ఇప్పుడు ఆవిడ ఉండే భవనంలో ఎవరితోనూ మాట కలపదు, పక్కవాళ్ళు ఆవిడను 'మూడో అంతస్తావిడ' అంటారు.

"అమ్మా" అంది డబ్బింగావిడ చివరికి, వీలైనంత మెల్లగా. "ఆ గొంతు నాకు గుర్తుంది."

పెద్దావిడ తల పక్కకు తిప్పుకోబోయి ఆగింది.

"తను చెప్పింది విన్నాకే కదమ్మా నేను చెప్పేది. ప్రతి మాటా పదిసార్లు వింటాను. ఎక్కడ ఊపిరి తీసుకుంది, ఎక్కడ మాట మింగేసింది, అన్నీ. అప్పుడే నిద్ర లేచినట్టు ఉంటుంది గొంతు. మాట చివర చిన్న నవ్వు తగులుకుంటుంది. తనకి 'ళ' రాదు. నీళ్ళని నీల్లు అంటుంది. ఒక ప్రేమ సన్నివేశంలో 'నా కల్లలోకి చూసి చెప్పు' అంది. హీరో నవ్వాపుకోలేక కూలబడ్డాడు. నేను గాజుగదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను."

పెద్దావిడ ముఖంలో ఏదో కదిలింది. "నీల్లు" అంది తనలో తాను. "అవును. బడిలో కూడా టీచరు కొట్టేది దానికి."

"ఇంకో సంగతి కూడా ఉందమ్మా. చెప్పొచ్చో లేదో తెలియదు."

"చెప్పు."

"తను నాతో మాట్లాడేది."

"ఎప్పుడు? నువ్వు ఎప్పుడూ ఇంటికి రాలేదే."

"ఆ ట్రాక్‌లోనే అమ్మా. డైరెక్టరు కట్ అన్నాక కూడా మైకు కాసేపు నడుస్తుంది. రెండో సినిమాలో అనుకుంటా, ఒక పెద్ద డైలాగు అయిపోయింది. అందరూ చప్పట్లు కొడుతున్నారు. ఆ చప్పుడు మధ్యలో మెల్లగా, 'అక్కా, ఇది చాలా పొడుగు, నీకు ఊపిరి ఆడదేమో, చూసుకో' అంది. నేనొకదాన్ని వింటానని తనకి తెలుసు. అప్పటినుంచీ ప్రతి సినిమాలోనూ ఏదో ఒకటి చెప్పేది. అక్కా, ఇవాళ కాలు నొప్పి. అక్కా, ఈ చీర గుచ్చుకుంటోంది. ఒకసారి అంది, 'ఇక్కడ ఎంతమంది ఉన్నారో చూడు, మాట్లాడ్డానికి ఒక్కరు లేరు. నువ్వు ఎప్పుడో కొన్ని నెలలకి వింటావు. అయినా పర్లేదులే' అని."

"నువ్వేమన్నావు?"

"ఏమంటానమ్మా? అది అప్పటికే అయిపోయిన మాట. ఆ గదిలో నిలబడి 'ఊ' అన్నాను. ఎవరికీ వినపడలేదు. సినిమా వచ్చాక ఆ మాటలన్నీ చెరిపేశారు. ఎదురుపడినప్పుడు మాత్రం మాట్లాడేది కాదు. చుట్టూ ఎవరో ఒకరు ఉండేవాళ్ళు. చెయ్యి నొక్కి వెళ్ళిపోయేది." కాస్త ఆగి, "నన్ను అక్కా అన్నది ఈ లోకంలో తనొక్కతే" అంది.

"కాలు నొప్పని నాతో చెప్పలేదు" అంది పెద్దావిడ. "ఒకే ఇంట్లో ఉన్నాం. వచ్చేసరికి నేను పడుకునేదాన్ని. లేచేసరికి అది వెళ్ళిపోయేది."

ఆ మాటలో డబ్బింగావిడ మీద అసూయ లేకపోలేదు. కాని అంతకంటే పెద్దదేదో ఆమెను లోపలినుంచి తోస్తోంది. కుర్చీ చేతులు పట్టుకుని ముందుకు వంగింది.

"ఒక్కసారి అను."

"ఏమిటమ్మా?"

"దాని గొంతుతో. నీకు వచ్చు కదా. ఏదో ఒకటి. నీల్లు అడుగు."

డబ్బింగావిడ గతుక్కుమంది. అన్నేళ్ళూ ఆ గొంతును విని, దాన్ని పక్కకు పెట్టి తన గొంతుతో చెప్పడమే ఆవిడ పని. తన గొంతు పక్కకు పెట్టి దాన్ని పలకడం ఎప్పుడూ చెయ్యలేదు. కళ్ళు మూసుకుంది. గొంతు సవరించుకుంది.

"అమ్మా, కాసిని నీల్లియ్యవే..."

"కాదు" అంది పెద్దావిడ వెంటనే. "గొంతు దగ్గరగానే ఉంది. కానీ నువ్వు బతిమాలుతున్నావు. నా దగ్గర అది ఎప్పుడూ బతిమాలలేదు. హుకుం జారీ చేసేది."

డబ్బింగావిడ మళ్ళీ కళ్ళు మూసుకుంది. ఈసారి సినిమా మాటలు గుర్తు తెచ్చుకోలేదు. కాలు నొప్పి అన్న మాట గుర్తు తెచ్చుకుంది. అలసిపోయి, చెప్పులు విడుస్తూ, ఎవరో తన కోసం ఉన్నారన్న ధీమాతో ఒక పిల్ల అరిస్తే ఎలా ఉంటుందో అలా వచ్చింది మాట.

"అమ్మా! నీల్లు!"

"వస్తున్నా ఆగవే, రెండు చేతులేగా నాకు ఉన్నవి!" అంటూ పెద్దావిడ లేచింది. గబగబా బల్ల దగ్గరకు వెళ్ళి, గ్లాసు తిప్పి, జగ్గు వంచి నీళ్ళు పోసి, వెనక్కి తిరిగి చెయ్యి చాపింది.

చాపాక చూసింది, ఎదురుగా ఎవరున్నారో.

గ్లాసు అలాగే గాలిలో ఉండిపోయింది. ఏం చెయ్యాలో డబ్బింగావిడకు ఒక్క క్షణం తోచలేదు. తరవాత లేచి, రెండు చేతులతో గ్లాసు అందుకుని, ఆ నీళ్ళు చివరిదాకా తాగింది. పెద్దావిడ ఆవిడ గొంతు వైపే చూస్తూ నిలబడింది.

తలుపు దడాల్న తెరుచుకుంది.

"ఎవరు?" పండు తమ్ముడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ముఖం పాలిపోయి ఉంది. "ఇప్పుడు ఎవరు అరిచారు? అక్క..."

అతను ఇద్దరి ముఖాలూ చూసి, అర్థమయ్యాక, తలుపుకు ఆనుకుని కాసేపు కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు తెరిచేసరికి మళ్ళీ పనులు చూసుకునే మనిషి అయిపోయాడు.

"బాగుంది" అన్నాడు. "ఇది బయట ఎవరైనా వినుంటే?"

"వినాలిరా" అంది తల్లి. "అందరూ వినాలి. ఆఖరి సినిమాలో దాని గొంతే ఉంచమంటున్నాను."

"అమ్మా, గేటు దగ్గర జనాన్ని చూశావా? వాళ్ళు ఏడుస్తున్నది నీ పండు కోసం కాదు. నీ పండు వాళ్ళకి తెలియదు. తెర మీద మనిషి కోసం ఏడుస్తున్నారు. ఆ మనిషి గొంతు ఈవిడ గొంతు. ఇప్పుడు ఆ బొంగురు గొంతు వినిపిస్తే నవ్వుతారు. పోయాక కూడా అక్కని నవ్వులపాలు చెయ్యమంటావా?"

అందులో నిజం లేకపోలేదు. పెద్దావిడ తడుముకుంది. తరవాత మెల్లగా అంది: "నవ్వుతారనే భయంతో బతికున్నన్నాళ్ళూ నోరు మూసుకుంది. ఇంకా దానికి భయమేముందిరా?"



"బాబూ" అంది డబ్బింగావిడ. "ఆఖరి సినిమాకి నేను చెప్పను."

అతను అరుస్తాడనుకుంది. అతను అరవలేదు. నిట్టూర్చాడు. ఆ నిట్టూర్పులో కాస్త మొహమాటం కూడా ఉంది.

"మీరు చెప్పక్కర్లేదు మేడమ్. ఆ సంగతే మీతో ఎలా అనాలా అని చూస్తున్నాను" అని ఫోన్ తీసి ఏదో నొక్కాడు.

"నమస్కారం" అంది ఫోను, డబ్బింగావిడ గొంతుతో. "మీరు నా మీద చూపించిన ప్రేమకు ఏమిచ్చి రుణం తీర్చుకోగలను? నేనెక్కడికీ వెళ్ళలేదు. మీ మధ్యనే ఉన్నాను. ఎప్పటికీ ఉంటాను."

డబ్బింగావిడ ముందు అలవాటు కొద్దీ విన్నది. ఉచ్చారణ శుభ్రంగా ఉంది. 'ప్రేమ' దగ్గర చిన్న వణుకు, అది తన వణుకే. అన్నీ తనవే. ఒక్కటే తేడా. ఎక్కడా ఊపిరి తీసుకోలేదు.

"ఇది నేనెప్పుడు చెప్పాను?"

"మీరు చెప్పలేదు. ఇన్నేళ్ళుగా మీరు చెప్పినవన్నీ సినిమా కంపెనీవాళ్ళు కంప్యూటరుకి నేర్పించారు. ఇక ఏం రాసిస్తే అది అదే చెప్పుకుంటుంది. ఆఖరి సినిమా, ఆ తరవాత ప్రకటనలు, అన్నీ. మొహం కూడా అలాగే చేస్తారట. అక్క ఉన్నట్టే ఉంటుంది."

"నన్ను అడగలేదే ఎవరూ."

"అడుగుదామంటే మీ పేరు ఎక్కడుంది మేడమ్, తెర మీద?"

అతను ఎగతాళిగా అనలేదు. నిజంగానే అడిగాడు. ఒంట్లోంచి ఎవరో ఏదో తీసుకుపోయి, తీసుకుపోయిన చోట చెయ్యి పెట్టి చూసుకోమన్నట్టు ఉంది. ఆవిడ చెయ్యి దానంతటదే గొంతు మీదికి పోయింది.

పెద్దావిడ ఆవిడ వైపు చూస్తోంది. ఆ చూపులో ఇందాకటి కరకుదనం లేదు.

"ఇప్పుడు తెలిసిందా అమ్మాయ్" అంది. "నా పిల్లకి అన్నేళ్ళూ ఎలా ఉండేదో."

డబ్బింగావిడ తలూపింది. కళ్ళలోంచి నీళ్ళు జారాయి, తుడుచుకోలేదు.

హాల్లోంచి ఎవరో పండు తమ్ముడిని పిలిచారు. కుర్చీలు జరుపుతున్న చప్పుడు. అతను గుమ్మం దాటబోతూ ఆగాడు. "ఆ పైలట్ ట్రాక్ సంగతి మనసులో పెట్టుకోకండి. అది బయటకి పొక్కిందంటే మొత్తం కథ తలకిందులవుతుంది. ఇవాళ సాయంత్రంలోగా చెరిపెయ్యమని ఇంజనీరుకి చెప్పేశాను. అమ్మా, నువ్వు కాస్త పడుకో."

తలుపు మూసుకుంది.

గదిలో ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కిటికీ తెర అంచున ఎండ అప్పటికే పల్చబడుతోంది.

ముందుగా పెద్దావిడే మాట్లాడింది. "వెళ్ళు. హాల్లోకి వెళ్ళి ఆ మైకు ముందు నిలబడు. ఒక్క మాట మాట్లాడితే చాలు, నువ్వెవరో ఇవాళే లోకానికంతటికీ తెలిసిపోతుంది. వాడి యంత్రం గుట్టు కూడా రట్టవుతుంది. నా కూతురి పరువు పోతుందని చూడకు. నేను అడ్డం రాను. నీ గొంతు నువ్వు తెచ్చుకో."

డబ్బింగావిడ తలుపు దాకా వెళ్ళింది. వసారాలో ఎడమ వైపున హాలు. దీపాలూ, కెమెరాలూ, మైకు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ తన వైపు తిరగని కళ్ళన్నీ అక్కడ వరసగా కూర్చుని ఉన్నాయి. నాలుగడుగులు వేస్తే చాలు. మూడో అంతస్తావిడ ఎవరో మూడో అంతస్తుకు కూడా తెలుస్తుంది. గేటు దగ్గర తిట్టినామె ఏడ్చింది ఎవరి గొంతుకో ఆమెకూ తెలుస్తుంది. ఆ ఆశ ఆవిడకు లేదనుకుంటే పొరపాటు. నోరు ఎండిపోయేంత ఆశగా ఉంది.

కానీ అక్కడ ఒకసారి నోరు తెరిస్తే ప్రశ్నలు ఇప్పట్లో వదలవు. అవి తెమిలేసరికి సాయంత్రం అయిపోతుంది. స్టూడియోలో ఇంజనీరు ఒక మీట నొక్కుతాడు. బొంగురు నవ్వూ, నీల్లూ, కట్ అన్నాక వినిపించే 'అక్కా' అన్న ఆ పిలుపూ ఇక ఎక్కడా ఉండవు. ఈసారి పండు ఏం చెప్పిందో ఆవిడ ఇంకా విననే లేదు.

"అమ్మా" అంది వెనక్కి తిరిగి. "నా గొంతుకేం, రేపైనా వెతుక్కోవచ్చు. ముందు తన గొంతు తెస్తాను. వెనక దారి ఎటు?"

పెద్దావిడ పెదవులు బిగించి, వేలితో కుడివైపు చూపించింది.

డబ్బింగావిడ గొడుగు మంచం మీదే వదిలేసి వసారాలో కుడి వైపుకు పరుగులాంటి నడకతో వెళ్ళింది. వంటిల్లు దాటాక వెనక గుమ్మం. గడియ తీసి తలుపు లాగింది. రాలేదు. మళ్ళీ లాగింది. బయటినుంచి పెట్టి ఉన్న ఇనుప గొళ్ళెం కదిలిన చప్పుడు మాత్రం వచ్చింది.

అప్పుడే హాల్లో స్పీకర్లు గుర్రుమన్నాయి. "నమస్కారం" అంది ఆవిడ గొంతు, ఇల్లంతా దద్దరిల్లేలా. జనం ఒక్కసారిగా గొల్లుమన్నారు.

తలుపు తియ్యమని కేక వేద్దామని ఆవిడ నోరు తెరిచి, అలాగే ఆగిపోయింది. ఈ ఇంట్లో ఇప్పుడు ఆ గొంతుతో పిలిస్తే, పిలుస్తున్నది తనేనని ఎవరనుకుంటారు?